ఉపాధ్యక్షుడికి పని పడింది

పోయిన వారం మన కథ ఒక గురక దగ్గర ఆగింది. చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. చదవనివాళ్ళు బెంగపెట్టుకోనక్కర్లేదు, నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

మన కథానాయకుణ్ణి కాలేజీలో అందరూ కునుకు అంటారు. అడ్మిషన్ల నాడు నిద్ర లేవక పగటి సెక్షన్‌లో సీటు పోగొట్టుకుని, రాజనీతి శాస్త్రం సాయంత్రం సెక్షన్‌లో పడ్డ ఘనుడు. ఆ సెక్షన్‌లో సగం మంది పగలంతా ఉద్యోగాలు చేసి వచ్చేవాళ్ళు, మిగతా సగం పగటి సెక్షన్‌లో సీటు దొరకని పిల్లలు. పగలంతా పడుకుని, మిగిలిన నిద్ర పూర్తి చేసుకోవడానికి వచ్చేది మాత్రం ఇతనొక్కడే. అదే క్లాసులో రెండో బెంచీలో వాళ్ళమ్మ కూడా ఉంది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. పెళ్ళినాడు అటకెక్కించిన చదువుని ఇన్నేళ్ళకి కిందికి దించి దుమ్ము దులిపింది. తల్లీకొడుకులు ఒకే పరీక్ష రాస్తే పుస్తకాలు ఒక్క సెట్టు చాలని వాళ్ళ నాన్న మురిసిపోయాడు. ఆయన మురిసిపోవడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు.

అమెరికా ప్రభుత్వం అనే పేపరు చెప్పే ఆవిడ పేరు పిల్లల భాషలో రాజ్యాంగం మేడం. పుస్తకం చదివితే పరీక్ష పాసవుతారు గానీ ప్రభుత్వం అర్థం కాదని ఆవిడ నమ్మకం. అందుకని ప్రతి ఏడూ లాగే ఈ ఏడూ క్లాసునే సెనేట్ చేసింది. ఒక్కొక్కళ్ళకీ ఒక్కో రాష్ట్రం పంచింది. మన కునుకు వాళ్ళమ్మ అలాస్కా తీసుకుంది, మ్యాపులో అన్నిటికన్నా పెద్దగా కనబడిందని. అందరూ తలొకటి తీసుకున్నాక, నిద్రలో ఉన్న ఒక్క మనిషి మిగిలాడు. గైడులో చూస్తే ఉపాధ్యక్షుడు సెనేట్‌కి అధ్యక్షత వహిస్తాడనీ, చర్చలో మాట్లాడడనీ, ఓట్లు సమానంగా వస్తే తప్ప ఓటు కూడా వేయడనీ రాసి ఉంది. ఇంత పనిలేని పదవి ఒకటి ఖాళీగా ఉండగా, ఇంత పనిలేని మనిషి ఎదురుగా ఉండగా, ఎవరికి మాత్రం రెండో ఆలోచన వస్తుంది? కునుకుని ఏకగ్రీవంగా చేతుల కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కుర్చీకి చేతులతో పాటు తల ఆనించుకునే వీపు కూడా ఉండటం అతని అదృష్టం.

ఇంతవరకూ ఆటే. కానీ ఈ సాయంత్రం సెక్షన్ని పగటి సెక్షన్‌లో కలిపేద్దామా అని పై నుంచి ప్రిన్సిపాల్‌ని అడిగారు. ఆయన ఏ నిర్ణయాన్నైనా వేడి గిన్నెలా పక్కవాళ్ళ చేతిలో పెట్టే రకం. "మీలో మీరే తేల్చుకుని చెప్పండి, మీరెలా అంటే అలాగే" అని మేడం చేతిలో పెట్టేశాడు. ఆవిడ సంబరంగా దాన్ని సెనేట్‌లో బిల్లు చేసింది. బిల్లు పాసైతే వచ్చే టర్మ్ నుంచి అందరూ పగలే రావాలి. పగలు అమ్మ క్లినిక్‌లో ఉండాలి. అంటే ఆవిడ పుస్తకాలు మళ్ళీ అటకెక్కాలి.

పోయిన వారం కథలో ఓటింగ్ జరిగింది. సమానంగా వచ్చింది, పది, పది. సభంతా ఒక్కసారిగా ఉపాధ్యక్షుడి వైపు తిరిగింది. ఉపాధ్యక్షుడు గురక పెట్టాడు.

*

"ఒరేయ్ కునుకూ, లేవరా!"

లేపింది లాకర్ బాబాయ్. బ్యాంకు గేటు దగ్గర కాపలా ఉద్యోగం, ఇక్కడ టెక్సాస్ సెనేటర్. గొంతు పెద్దదని ఓటింగ్‌లో రాష్ట్రాల పేర్లు పిలిచే పని కూడా ఆయనకే ఇచ్చారు. ఆయన భుజం పట్టుకుని కుదిపేసరికి కునుకు ఉలిక్కిపడి, చేతికందిన డస్టర్ తీసి బల్ల మీద కొట్టాడు. సెనేట్‌లో దంతపు సుత్తి ఉంటుందట, ఈ కాలేజీలో బోర్డు తుడిచే డస్టరే ఉంది. సుద్దపొడి ఇంతెత్తున లేచి ఉపాధ్యక్షుడి జుట్టు మీదా కనుబొమ్మల మీదా సర్దుకుంది.

"సభ ముగిసింది" అన్నాడు కునుకు. అతనికి వచ్చిన ఒకే ఒక్క వాక్యం అది.

"ముగియలేదు. ఓట్లు సమానమయ్యాయి" అంది మేడం. ఆవిడ మొహం పెళ్ళివారింట్లో లైటులా వెలిగిపోతోంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క ఏడూ ఓట్లు సమానంగా రాలేదట. "ఇప్పుడు నీ ఓటు కావాలి. నువ్వు అవును అంటే బిల్లు పాసవుతుంది."

"కాదు అంటే?"

"వీగిపోతుంది."

"ఏమీ అనకపోతే?"

"అప్పుడూ వీగిపోతుంది. సమానమైన ఓట్లతో ఏ బిల్లూ పాసవ్వదు."

కునుకు మొహంలో మెల్లగా వెలుగు వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచీ ఇంట్లోవాళ్ళూ బళ్ళో వాళ్ళూ ఏం చేయవురా నువ్వు అని తిడుతూనే ఉన్నారు. ఏమీ చేయకుండా కూర్చుంటే చాలు, అమ్మ చదువు నిలబడిపోతుంది! ఇలాంటి దేశం ఒకటుందని ముందే తెలిస్తే పాఠాలు శ్రద్ధగా వినేవాడు. హాయిగా కుర్చీలో వెనక్కి వాలబోయాడు.

"ముందు అసలు సంగతి విను" అన్నాడు బాబాయ్ చెవిలో. ఆయన చెవిలో చెప్పినా గేటు దాకా వినబడుతుంది. "బిల్లు వద్దనే మనవాళ్ళు పదకొండు మంది ఉండాలి. వారం రోజులు తిరిగి లెక్క చూసుకున్నాం. ఒక ఓటు అటు వెళ్ళింది. అందుకే సమానమైంది."

"ఎవరా వెన్నుపోటు పొడిచింది?"

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. చూపు పక్కకి తిప్పాడు. చివరికి చెప్పాడు.

"అలాస్కా."

కునుకు రెండో బెంచీ వైపు చూశాడు. అమ్మ నోట్సు మూసి, పెన్ను క్యాపు పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. చీర మీద క్లినిక్ వాళ్ళ బ్యాడ్జి ఇంకా తీయలేదు. దాని మీద నవ్వుతున్న పన్ను బొమ్మ ఉంది. ఆ బొమ్మ తప్ప ఆ బెంచీలో ఇంకెవరూ నవ్వడం లేదు.

"హాజరు పిలుస్తున్నారనుకుని అవును అనేసిందేమో" అన్నాడు కునుకు ఆశగా.

"నేనూ అదే అనుకున్నా. రెండోసారి కూడా అడిగా. ఇంకా గట్టిగా అంది."

అప్పుడు లేచింది పాయింటమ్మ. మేడం రాసిన ఈ బిల్లుని తన పేరు మీద సభలో పెట్టింది ఆ అమ్మాయే. డెలావేర్ సెనేటర్. చదువులో క్లాసు ఫస్టు, నోట్లో నిప్పు. ప్రతి రెండు నిమిషాలకీ చెయ్యెత్తి, సభా నియమం తప్పుతోందని 'పాయింట్ ఆఫ్ ఆర్డర్' అంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇంటికి పోయే చివరి బస్సు తొందరగా ఉండటం వల్ల ప్రతి సాయంత్రం ఆఖరి పీరియడ్ మధ్యలో సంచీ భుజాన వేసుకుని పరిగెడుతుంది. ఆ కారణంగా అమెరికా ప్రభుత్వం ఆమెకి ముప్పాతిక భాగమే తెలుసు. కాంగ్రెస్ కంఠతా వచ్చు, అధ్యక్షుడి గురించి అడిగితే గడగడా చెప్తుంది. సుప్రీంకోర్టు పాఠం ఎప్పుడూ ఆఖరి పీరియడ్‌లోనే రావడంతో ఆ కోర్టు మొహం ఇంతవరకూ చూడలేదు.

"పాయింట్ ఆఫ్ ఆర్డర్ మేడం. ఉపాధ్యక్షుడు ఇప్పుడే ఓటు వేయాలి. సెనేటర్లతో గుసగుసలాడకూడదు."

"న్యాయమే" అంది మేడం, గోడ గడియారం చూస్తూ. "కానీ ఇప్పుడు పది నిమిషాల బ్రేక్. అది ఈ సభ చేసిన చట్టమే. బ్రేక్ తర్వాత ఓటు."

*

మెట్ల మలుపులో, మంచినీళ్ళ కుళాయి పక్కన అమ్మ ఫ్లాస్కు మూత తిప్పుతోంది. రోజూ క్లినిక్ నుంచి తిన్నగా ఇక్కడికే వస్తుంది. దారిలో ఆగి టీ తాగే తీరిక కూడా ఉండదు కాబట్టి అక్కడే ఫ్లాస్కులో పోయించుకుని తెచ్చుకుంటుంది. కునుకు మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చాడు. అతను మెట్లు అలా దిగడం చూసి, పైన నిలబడ్డ ఇద్దరు సెనేటర్లు బిల్డింగుకి నిప్పంటుకుందేమోనని వెనక్కి చూశారు.

"అమ్మా, నీకు మతి గానీ పోయిందా?"

"ముందు టీ తాగు. చల్లారిపోతుంది."

"టీ సంగతి తర్వాత. ఆ బిల్లు పాసైతే నువ్వు చదువు మానేయాలి. అది తెలుసా నీకు?"

"తెలీకేం? దానికి వ్యతిరేకంగా ఊరంతా తిరిగింది నేనే కదరా."

"మరి?"

అమ్మ ఫ్లాస్కు మూతలో టీ పోసి అతని చేతిలో పెట్టింది. తర్వాత చెప్పింది.

"మాటిచ్చాను."

"ఎవరికి?"

"ఆ పాయింటు పిల్లకి. పోయిన నెల టీకి పది నిమిషాల బ్రేక్ కావాలని బిల్లు పెట్టాం, గుర్తుందా?"

"నేను పడుకున్నా."

"అవునులే, కుర్చీలోనే ఉన్నావు కదా. మాకు ఒక ఓటు తక్కువైంది. అప్పుడే మేడం ఓట్లు బదులిచ్చుకునే పాఠం చెప్పింది. నా బిల్లుకి నువ్వు ఓటేయి, నీ బిల్లుకి నేను వేస్తాను అని సెనేటర్లు చేబదుళ్ళు ఇచ్చిపుచ్చుకుంటారట. నేను వెళ్ళి ఆ పిల్లని అడిగాను. సరే ఆంటీ, ఇప్పుడు నేనిస్తాను, నా తర్వాతి బిల్లుకి మీరివ్వండి అంది. సరే అన్నాను. చెయ్యి కలిపాను."

"ఆ బిల్లు ఏంటో అడగలేదా?"

"అడగలేదురా. అప్పటికి ఆరుగురి పళ్ళు పీకించి వచ్చాను, తల పగిలిపోతోంది. నా కళ్ళకి టీ తప్ప ఇంకేం కనబడలేదు. ఇవాళ ఆ పిల్ల లేచి సభలో పెట్టేదాకా అది ఈ బిల్లేనని నాకు తెలీదు."

ఒక కప్పు టీకి డిగ్రీ అమ్ముకున్నవాళ్ళు లోకంలో ఇంకెవరైనా ఉంటారా అని నన్నడిగితే, ఉండరనే చెప్తాను. కానీ ఆ మాట వాళ్ళమ్మతో అనే ధైర్యం నాకూ లేదు, అతనికీ లేదు.

"ఇదంతా ఆట అమ్మా. క్లాసులో ఆడే ఆట. ఆటలో ఇచ్చిన మాటకి ఇంత పట్టింపేంటి?"

"ఆటైతే నీకు చెమటలెందుకు పడుతున్నాయి?"

అతను నుదురు తుడుచుకున్నాడు. చేతికి సుద్దపొడి అంటుకుంది.

"ఇది విను" అంది అమ్మ. గొంతు తగ్గించింది. "ఇన్నేళ్ళలో నాతో ఎవరైనా బేరం కుదుర్చుకున్నారా? డాక్టరు గారు చెప్తారు, నేను చేస్తాను. మీ నాన్న చెప్తారు, నేను వింటాను. నువ్వు అడుగుతావు, నేను పెడతాను. ఆ పిల్ల ఒక్కతే ఎదురుగా నిలబడి, నాకిది కావాలి, మీకేం కావాలి అంది. నన్ను మనిషి కింద లెక్కేసింది. ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు నాకెంత సంతోషమేసిందో నీకు తెలీదు. ఇప్పుడు బిల్లు నచ్చలేదని చెయ్యి వెనక్కి లాక్కోమంటావా?"

కునుకు టీ తాగాడు. నాలిక కాలింది గానీ పైకి చెప్పలేదు. ఇంట్లో వంటింటి గట్టు మీద పుస్తకం నిలబెట్టుకుని, ఒక చేత్తో గరిటె తిప్పుతూ పెదాలు కదిపే అమ్మని అతను రోజూ చూస్తున్నాడు. అది ఆవిడ సరదా అనుకున్నాడు ఇన్నాళ్ళూ. తను పాసైనా కాకపోయినా ఫర్వాలేదు, ఆవిడ మాత్రం పాసవ్వాలని ఇప్పుడు అతనికి గట్టిగా అనిపించింది. అంత గట్టిగా ఏదైనా కావాలనిపించడం అతనికి అలవాటు లేదు.

"సరే, అయిపోయింది. నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు. ఇక నాకు వదిలెయ్. నేను కళ్ళు మూసుకుని కూర్చుంటాను. బిల్లు దానంతటదే పోతుంది. నీ మాట నీకుంటుంది, చదువూ ఉంటుంది. నా బద్ధకం ఇన్నాళ్ళకి ఇంటికి పనికొచ్చింది."

అమ్మ నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"అప్పుడు అందరూ ఏమంటారు? తల్లి ఇచ్చినట్టే ఇచ్చి కొడుకు చేత లాగించేసుకుంది అంటారు. ఇద్దరూ ఇంట్లో కూర్చుని ముందే అనుకుని వచ్చారంటారు."

"అననీ. అనేవాళ్ళ నోరు మనం మూయగలమా?"

"ఆ పిల్ల కూడా అనుకుంటుంది. అది నాకిష్టం లేదు." ఫ్లాస్కు మీద మరక ఉన్నట్టు చీర కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. "ఇంకోటి కూడా ఉంది. నాకు నిన్ననే తెలిసింది. ఆ పిల్ల చివరి బస్సు తప్పిపోతే వాళ్ళ నాన్న చదువు మాన్పించేస్తానంటున్నాడట. మన బ్రేక్ వల్ల క్లాసు పది నిమిషాలు వెనక్కి జరిగింది. అంటే ఆ పిల్లకి రోజూ ఇంకో పది నిమిషాల పాఠం పోయింది. అది తెలిసే నాకు ఓటు వేసింది. తెలిసే. ఒక్క మాట అనలేదు."

ఎవరో వచ్చి పక్కనున్న కుళాయి విప్పి గ్లాసు కడుక్కుని వెళ్ళారు.

"అయితే అవును అనమంటావా?" అన్నాడు కునుకు.

"నేనేమీ అనను. సెనేటర్ ఉపాధ్యక్షుడికి ఓటు ఎలా వేయాలో చెప్పకూడదు."

"అమ్మ కొడుక్కి చెప్పొచ్చుగా?"

"అమ్మ టీ ఇచ్చింది. ఇవాల్టికి అంతే" అని ఫ్లాస్కు మూత అతని చేతిలోంచి తీసుకుని, కడిగి, బిగించి, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మా ఇంట్లో ఇలాంటి ఆవిడ ఉంటే నేను ఈపాటికి ఇంకో ఇల్లు చూసుకునేవాణ్ణి. కునుకు అక్కడే నిలబడి, గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకున్నాడు. నిద్ర రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అతనికి ఆనుకోవడానికి గోడ దొరికీ నిద్ర రాకపోవడం అదే మొదలు.

*

సభ మళ్ళీ మొదలైంది. ఎవరి చోట్లలో వాళ్ళు కూర్చున్నారు. లాకర్ బాబాయ్ కునుకు వైపు చూసి కళ్ళతో సైగ చేశాడు. పడుకో నాయనా, చక్కగా పడుకో అని దాని అర్థం. మిగతా ఉద్యోగస్తులు కూడా అంతే ఆప్యాయంగా చూస్తున్నారు. ఒకాయనైతే తల కింద పెట్టుకోమని మడత పెట్టిన స్వెట్టర్ కూడా పంపాడు. మనిషి నిద్రపోవాలని ఇంతమంది కోరుకోవడం పసిపిల్లల విషయంలో తప్ప నేనెక్కడా చూడలేదు.

పాయింటమ్మ చెయ్యి అప్పటికే గాలిలో ఉంది.

"పాయింట్ ఆఫ్ ఆర్డర్. ఉపాధ్యక్షుడు ఓటు వేయకుండా కూర్చుంటే బిల్లు వీగిపోతుంది. ఆయన తల్లికి లాభం. అలాంటప్పుడు దాన్ని నిద్ర అనాలా, నిర్ణయం అనాలా? సభకి తెలియాలి."

"అద్భుతమైన ప్రశ్న!" అంది మేడం. "పరీక్షలో రావచ్చు. రాసుకోండి."

అందరూ వంగి రాసుకున్నారు. కలిపేస్తారో ఉంచుతారో తెలియని ఆ సెక్షన్‌లో ఒక నిమిషం పాటు పెన్నుల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. అమ్మ కూడా రాసుకుంది.

"జవాబు ఏంటి మేడం?" అన్నాడు వెనక బెంచీ వాడొకడు.

"జవాబు ఆయన చెప్తాడు" అని మేడం కుర్చీ వైపు చెయ్యి చూపించింది.

కునుకు లేచి నిలబడ్డాడు. క్లాసులో ఎవరూ లేపకుండా అతను నిలబడటం ఎవరూ ఎరగరు. స్వెట్టర్ పంపినాయన దాన్ని వెనక్కి తీసుకున్నాడు.

"నేను... ఓటు వేస్తున్నాను" అన్నాడు. గొంతు కీచుగా వచ్చింది. దగ్గాడు. డస్టర్ కోసం చెయ్యి చాపి, మళ్ళీ వద్దనుకున్నాడు. రెండో బెంచీ వైపు చూడకూడదని గట్టిగా అనుకుని, అటే చూశాడు. అమ్మ తల వంచుకుని ఉంది.

కాదు అనేస్తే అమ్మ చదువుకుంటుంది. కానీ ఇక ముందు ఆ పిల్ల మొహం చూసినప్పుడల్లా తల ఇలాగే వంచుకుంటుంది. అది మాత్రం తను చూడలేనని కునుకుకి తెలిసిపోయింది.

"అవును" అన్నాడు.

"ఏంటీ?" అన్నాడు లాకర్ బాబాయ్.

"నా ఓటు అవును. బిల్లుకి అవును."

బాబాయ్ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఇంకొంచెం కూర్చుండిపోయాడు. ఉద్యోగస్తుల బెంచీల్లోంచి "ఓరి నీ నిద్ర తగలెయ్యా!" అని ఒక కేక వచ్చింది. అది సభా మర్యాద కాదని మేడం అనలేదు. ఆవిడ చప్పట్లు కొట్టబోయి, ఏ వైపూ ఉండకూడదని గుర్తొచ్చి, రెండు చేతులూ అలాగే కలిపి పట్టుకుంది.

అమ్మ తలెత్తింది. "ఒరేయ్" అంది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. పుస్తకాలు పోతున్నాయనే దిగులు ఒకటీ, ఇలాంటి కొడుకునా నేను రోజూ తిట్టేది అనే గర్వం ఒకటీ, రెండూ ఒకేసారి వచ్చాయి. బ్యాడ్జిని సర్దుకుంది. సర్దుకోవాల్సింది అది కాదని ఆవిడకీ తెలుసు.

గెలిచినవాళ్ళు గంతులేయాలి కదా. పిల్లల బెంచీల్లో ఒకరిద్దరు ఈల వేశారు కూడా. పాయింటమ్మ మాత్రం కదల్లేదు. ఆంటీ మొదట అవును అన్నప్పుడు ఆ అమ్మాయి నమ్మలేదు. ఇదంతా తల్లీకొడుకుల నాటకం, ఈవిడ ఇస్తుంది, ఆయన పడుకుని పోగొడతాడు అని లెక్కేసుకుంది. ఆ నాటకాన్ని సభ ముందు ఉతికి ఆరేయడానికి పెద్ద ఉపన్యాసం కూడా సిద్ధం చేసుకుంది. ఇప్పుడా ఉపన్యాసం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పగటి క్లాసులు వచ్చేశాయి, బస్సు బెంగ తీరిపోయింది, సుప్రీంకోర్టుని కూడా చూడొచ్చు. అయినా ఆ అమ్మాయి రెండో బెంచీలో ఉన్న ఫ్లాస్కు వైపే చూస్తోంది.

మెల్లగా చెయ్యెత్తింది. సభంతా మూలిగింది.

"పాయింట్ ఆఫ్..." అని, ఆ మాట పూర్తి చేయకుండా వదిలేసి, "మేడం, ఒకసారి వేసిన ఓటుని సెనేటర్ మార్చుకోవచ్చా?" అంది.

మేడం పేజీలు తిప్పింది. నిజానికి ఆవిడకి ఆ సమాధానం నిద్రలో లేపి అడిగినా తెలుసు. కొంచెంసేపు సాగదీయాలని తిప్పింది.

"మార్చుకోవచ్చు. సభాధ్యక్షుడు ఫలితం ప్రకటించేలోపు. ప్రకటించాక మాత్రం కుదరదు."

"ఈయన ఇంకా ప్రకటించలేదు కదా?"

"ఇంకా లేదు."

ఉద్యోగస్తుల బెంచీల్లో అందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. ఆ అమ్మాయి ఒక్క ఓటు ఇటు వస్తే ఇక సమానం లేదు. ఉపాధ్యక్షుడి ఓటుకి పని లేదు. బిల్లు వీగిపోతుంది.

"అయితే మేడం, నేను..."

"ఉపాధ్యక్షుడు గారూ!" 

లేచింది అలాస్కా. క్లినిక్‌లో వరస తప్పి లోపలికి దూరబోయేవాళ్ళని ఆపే గొంతు అది. పన్ను నొప్పితో మెలికలు తిరిగేవాళ్ళు కూడా ఆ గొంతు వింటే బుద్ధిగా కూర్చుంటారు.

"ఓటింగ్ అయిపోయింది. ముందు మీరు ఫలితం ప్రకటించండి."

"ఆంటీ, నేను మాట్లాడుతున్నాను కదా!"

"నువ్వు మాట్లాడబోయేది నాకు తెలుసమ్మా. నా మీద జాలిపడి నీ చదువు పాడు చేసుకుంటానంటే నేనొప్పుకోను. నీ చివరి బస్సు సంగతి నాకు తెలుసు."

పాయింటమ్మ మొహం ఎర్రబడింది. బస్సు సంగతి ఆ అమ్మాయి ఎవరితోనూ చెప్పుకునే రకం కాదు. "జాలి కాదు! నా ఓటు, నా ఇష్టం. మీరిచ్చిన ఓటు ఇచ్చారు, బదులు తీరిపోయింది. ఇక నేనెటు వేస్తానో మీకెందుకు?"

"నాకెందుకా? ఇంత చేసి నిన్ను ఇంట్లో కూర్చోబెట్టడానికా నేను అవునన్నది?"

"మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టడానికా నేను చెయ్యి కలిపింది?"

ఇద్దరూ నిలబడ్డారు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఒకరి కోసం ఇంకొకరు ఓడిపోతానని ఇలా కొట్టుకోవడం నేను చాలా చోట్ల విన్నాను గానీ, నమ్మింది మాత్రం తక్కువ. ఇక్కడ నమ్మక తప్పలేదు.

"నిశ్శబ్దం!" అంది మేడం. పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. "ఒకేసారి ఇద్దరు సెనేటర్లు లేచి నిలబడితే ముందు ఎవరు మాట్లాడాలో సభాధ్యక్షుడు చెప్తాడు. ఆయన ఎవర్ని పిలిస్తే వాళ్ళదే సభ. రెండోవాళ్ళు కూర్చోవాలి. ఎందుకలా అని అడిగే హక్కు ఎవరికీ లేదు. నాకు కూడా."

గైడులో ఈ ముక్క రాయలేదు. రాసి ఉంటే కునుకు ఈ కుర్చీ ఎక్కేవాడే కాదు.

అతను ఆ అమ్మాయి వైపు చూశాడు. సంచీ పట్టీని పిడికిలితో బిగించి పట్టుకుని నిలబడి ఉంది. అమ్మ వైపు చూశాడు. ఆవిడ చూపులో చిన్నప్పుడు అన్నం ముందు కూర్చోబెట్టినప్పటి హెచ్చరిక ఉంది. ఆ చూపుకి ఎదురు చెప్పడం అతనికి ఇంతవరకూ తెలీదు. ఎదురు చెప్పాలంటే ముందు మెలకువగా ఉండాలి కదా.

డస్టర్ ఎత్తాడు. కొట్టలేదు, మెల్లగా బల్ల మీద ఆనించాడు.

"అమ్మా" అన్నాడు.

సభలో ఆ పిలుపు కూడదని మేడం మొదటి రోజే చెప్పింది. ఎవరూ గుర్తు చేయలేదు.

"నువ్వు కూర్చో. సభ డెలావేర్‌ది."

అమ్మ కూర్చోలేదు.